రంపచోడవర యాత్ర



మా చిన్నతనమున కోనసీమలోని మా యింట అల్లరిచేయు పిల్లలను పెద్దలు "రంప పితూరీ లేవదీయుచున్నారు" అని కసరుచుండెడివారు. రంప యనగా నేమో, పితూరీ యనగా నేమో మాకెవ్వరును చెప్పలేదు. తల నెరసిన పిమ్మట, మొన్నటి కార్తికమాసమున, ఆ చోటును కన్నులార చూచు అవకాశము కలిగినది. చూచినదానితోపాటు చదివినదానిని గూడ కొంత మనవి చేసెదను.

రాజమహేంద్రవరమున తెల్లవారగనే ఒక మిత్రునితో బస్సెక్కితిని. దారిలో కోరుకొండ. అచ్చట కొండమీద నరసింహస్వామి ఆలయము కలదు. మెట్లు మిక్కిలి నిట్టనిలువు; నా మోకాళ్లు ఒప్పుకొనక క్రిందనుండియే నమస్కరించితిని. గోకవరము దాటిన తరువాత భూమి స్వరూపమే మారును. వరిచేలు వెనుకబడి జీడిమామిడి తోటలును, వాని వెనుక అడవియు వచ్చును. కొండలు దగ్గరకు జరిగి త్రోవను ఇరుకు చేయును. అప్పుడు రంపచోడవరము. అనకాపల్లి వైపున వేరొక చోడవరము ఉండుటచే దీనిని రంపతో చేర్చి పిలుతురు. 2022లో జిల్లాలను విభజించినప్పుడు ఇది తూర్పు గోదావరినుండి విడివడి అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరినది.

ఊరికి కొలది దూరమున రంప యను పల్లె. అచ్చట పురాతనమైన శిలానిర్మిత శివాలయ మొకటియు, ఆ చేరువనే రాళ్లమీదినుండి దుముకు జలపాతమును కలవు. ఇంత చిన్న పల్లె పేరు విని మదరాసు దొరతనము ఒకప్పుడు ఉలికిపడిన దనిన నమ్మశక్యము గాదు.

ఆ కాలమున ఈ కొండపల్లెలు ఒక మన్సబుదారుని క్రింద నుండెను. ఆయనకు లోబడి ముఠాదారులు. ఒక్కొక్కరి క్రింద కొన్ని పల్లెలు. కొండరెడ్లకు కల్లు విలాసవస్తువు గాదు. గాదెలు ఖాళీయగు వేసవి దినములలో తాటికల్లు, జీలుగుకల్లు వారి యాకలి తీర్చునవి. దానిపై చిగురుపన్ను అను పన్నును చెల్లించి, చెట్లు గీసికొనుచుండిరి. ప్రభుత్వము కొత్త ఆబ్కారీ కట్టుబాట్లు తెచ్చి, ఇంటివాడుకకు సైతము స్వేచ్ఛగా గీయరాదని శాసించి, కల్లును గుత్తకిచ్చెను. గుత్తదారుడు పైకము కోరెను. మన్సబుదారుడును తన పన్ను విడువలేదు. ఒక చెట్టుకు ఇద్దరు యజమానులు. గీయువానికి మాత్రము హక్కు లేదు.

ఇంకొక కారణము చెప్పవలసియున్నది. చెప్పుటకు నాకు సిగ్గుగనే యున్నది. పల్లపు వర్తకులు ఉప్పు, నూనె మూటలతో కొండలెక్కి, కొద్దిపాటి అప్పులిచ్చి, అక్షరము రాని వారిచేత పత్రములు వ్రాయించుకొనిరి. పిదప కోర్టులలో ఏకపక్షపు డిక్రీలు పొంది, అయిదు రూపాయల బాకీకి అంతకు ఎన్నో రెట్లు విలువగల పశువులను, ధాన్యమును తోలుకొనిపోయిరి. ఆ వర్తకులు ఏ సీమవారు? మన సీమవారే. పితూరీ మాటను పిల్లలను బెదరించుటకు వాడిన మా పెద్దలు ఈ లెక్కను మాత్రము మాకు చెప్పలేదు.

1879 మార్చిలో రంప లేచినది. పోలీసు ఠాణాలపై దాడులు జరిగెను. కారం తమ్మన్నదొర, ద్వారబంధాల చంద్రయ్య మొదలగువారు నాయకులైరి. ఏప్రిలులో అది గొలుగొండ మన్యమునకు, జూలైలో భద్రాచలము వైపు రేకపల్లెకు ప్రాకెను. అణచుటకు వందలకొలది పోలీసులు చాలక, ఆరు పదాతి పటాలములను, ఆశ్వికులను దింపవలసివచ్చెను. విల్లంబులు, పాత తుపాకులు పట్టినవారిపై ఇంత సైన్యమా యని నేను చదివిన పుట మరల చదివితిని. 1880లో చంద్రయ్యయు తమ్మన్నదొరయు హతులైరి. అనేకులు అండమానునకు పంపబడిరి. కాని మన్సబుదారుని గూడ తొలగించి, పల్లెలను ముఠాదారులకే నేరుగా అప్పగించి, కల్లుపై బాధను ఎత్తివేసిరి. తప్పు ఎవరిదో దొరతనమునకును తెలిసియుండె నన్నమాట.

అల్లూరి సీతారామరాజు కథ మీ రెరుగుదురు. భీమవరము దగ్గరి మోగల్లు ఆయన పూర్వుల గ్రామము. పల్లమునుండి కొండకు అప్పుపత్రము లేకుండ వెళ్లినవాడు. 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలలో ఆయన అనుచరులకు 26 తుపాకులు దొరికెను. అక్టోబరులో ఈ చోడవరపు ఠాణాకు వచ్చుసరికి పోలీసులు ఆయుధములను ముందే దాచియుండిరి. 1924 మే 7న కొయ్యూరువద్ద ఆయనను కాల్చి చంపిరి.

మధ్యాహ్నము రంప జలపాతమునకు పోవు కాలిబాటలో ఒక ముదుసలి కొండరెడ్డి యెదురయ్యెను. మమ్ము ఎగాదిగా చూచి, "ఏమి కొన వచ్చినారు బాబూ?" అని యడిగెను. నేను చూడ వచ్చితి నంటిని. "చూచుటకా!" అని నవ్వి, భుజముమీది కత్తిని సరిచేసికొని, తన దారిని తాను పోయెను. అతని ప్రశ్న జలపాతపు హోరులో గూడ నాకు వినవచ్చుచునే యుండెను.

మారేడుమిల్లి మీదుగా చింతూరు పోవు కనుమదారి మిక్కిలి సుందరమైనదని అందరును చెప్పిరి గాని, ప్రొద్దు చాలలేదు. బస్సు నిలుచుచోట ఒక కొండస్త్రీ చింతపండును, చీపురుకట్టలను పెట్టుకొని కూర్చుండెను. నా మిత్రుడు అలవాటు చొప్పున బేరమాడ మొదలిడెను. నేను ఆమె చెప్పిన ధర యిచ్చి, రెండు కట్టలు తీసికొని, బస్సెక్కితిని.