సముద్రపు పురుగుల శాస్త్రీయ నామకరణం, వర్గీకరణ

సముద్రపు పురుగులు అన్నది శాస్త్రీయ వర్గం పేరు కాదు. పొడవుగా, మెత్తగా, కాళ్లు లేనట్టు కనిపించే కడలి జీవులన్నిటికీ వాడుకలో ఉన్న ఉమ్మడి పిలుపు. పాఠ్యపుస్తకాల్లో కనిపించే నీరిస్ అనెలిడా వర్గానిది. రిబ్బను పురుగులు నెమర్టియాకు, బాణపు పురుగులు కీటోగ్నాథాకు చెందుతాయి. కార్ల్ లిన్నేయస్ 1758లో ‘సిస్టమా నేచురే’ పదో కూర్పులో వీటి బంధువులను ‘వెర్మిస్’ అనే ఒకే విభాగంలో చేర్చి, నత్తలను, జెల్లీచేపలను, నక్షత్ర చేపలను కూడా అందులోనే పడేశాడు. కొయ్య ఓడలను తొలిచే టెరిడో నావాలిస్ కూడా అక్కడే ఉంది. దాని ఒళ్లు అచ్చంగా పురుగుదే, కానీ తల వైపు కొసన రెండు చిన్న గుల్ల ముక్కలుంటాయి. వాటితోనే అది కొయ్యను గీకుతుంది. అవే దాన్ని ఆల్చిప్పల బంధువుగా పట్టిస్తాయి. ఆకారాన్ని నమ్మి బంధుత్వం కలిపితే ఏమవుతుందో చెప్పడానికి ఈ ఒక్క జీవి చాలు. అందుకే ఈ జీవుల వర్గీకరణను తేలిపోయిన లెక్కగా కాక, కొత్త ఆధారం దొరికినప్పుడల్లా పరీక్షకు నిలబడవలసిన ప్రతిపాదనగా చూడాలి.

ఇలా ఎప్పటికప్పుడు మార్చుకుంటూ పోతే పేర్లకు నిలకడ ఎక్కడిదన్న అభ్యంతరం సహజం. దీనికి జవాబు నామకరణ నియమావళిలోనే ఉంది. జంతువుల పేర్లకు 1758 జనవరి 1 ప్రారంభ తేదీ; ఒకే జీవికి రెండు పేర్లు పడితే సాధారణంగా ముందుదే చెల్లుతుంది; జాతి పేరు ఒక నిర్దిష్ట నమూనాకు కట్టుబడి ఉంటుంది. ఐరోపా తీరాల ఇసుకలో బొరియలు చేసే అరెనికోలా మెరైనా (లిన్నేయస్, 1758) పేరునే చూడండి. ఆ కుండలీకరణాలు అలంకారం కాదు. లిన్నేయస్ దీన్ని వానపాముల ప్రజాతిలో లంబ్రికస్ మెరైనస్‌గా పెట్టాడు; తర్వాతివాళ్లు వేరే ప్రజాతికి మార్చారని అవి చెబుతాయి. ఇల్లు మారింది, జాతి పేరు మాత్రం వ్యాకరణం కోరినంత మేరకే మారింది. నిలకడ ఉండవలసింది పేరుకు. బంధుత్వం గురించిన మన అభిప్రాయానికి కాదు.

ఈ వాదానికి అన్నిటికంటే గట్టి సాక్ష్యం గొట్టపు పురుగులది. డచ్చి ఓడ సిబోగా ఇండోనేషియా సముద్రాల అడుగు నుంచి తెచ్చిన దారం లాంటి జీవులను మారిస్ కోలరీ 1914లో సిబోగ్లినం అని వర్ణించాడు. నోరు లేదు, పేగు లేదు, దేని బంధువో తేలలేదు. తర్వాత ఈ బృందానికి పోగోనోఫోరా అనే ప్రత్యేక వర్గమే ఏర్పడింది. కొందరు వీటిని వెన్నెముక జీవులున్న శాఖకు దగ్గరగా కూడా చేర్చారు. చిక్కంతా వలలో ఉంది. పైకి లాగేటప్పుడు తోక భాగం తెగి సముద్రంలోనే ఉండిపోయేది. 1960లలో ఆ కొస దొరికింది: పొట్టి ఖండితాలు, వాటి మీద వరసగా శూకాలు, అంటే అనెలిడా లక్షణాలే. 1977లో గలాపగోస్ దగ్గర వేడినీటి బుగ్గల వద్ద నిలువెత్తు ఎర్రని గొట్టపు పురుగులు బయటపడ్డాయి. వాటికి రిఫ్టియా అని 1981లో పేరు పెట్టిన మెరెడిత్ జోన్స్, 1985లో వాటి బృందాన్నీ వేరే వర్గంగా ప్రతిపాదించాడు. లోపల పెరిగే బ్యాక్టీరియాతో బతకడం వింత జీవనమే, కానీ వింత జీవనం వేరే వంశానికి రుజువు కాదు. 1997లో శరీర నిర్మాణాన్ని విశ్లేషించిన రౌస్, ఫౌకాల్డ్ ఒకవైపు నుంచి, జన్యువును చదివిన మెక్‌హ్యూ మరోవైపు నుంచి ఒకే చోటికి వచ్చారు: ఇవన్నీ అనెలిడాలోనివే.

డీఎన్ఏ మాత్రం తప్పు చెప్పదా అని అడగవచ్చు. చెప్పింది కూడా. స్వీడన్ తీరపు బురదలో దొరికే జెనోటర్బెల్లా అనే పురుగు మొలస్కా జీవి అని, అంటే నత్తలు, ఆల్చిప్పల వర్గానిదని, డీఎన్ఏను బట్టి 1997లో ప్రకటించారు. ఆ డీఎన్ఏ క్రమం అది తిన్న ఆల్చిప్పలదని 2003 నాటికి తేలింది. అయితే దీన్ని బట్టి డీఎన్ఏను పక్కన పెట్టడం తొందరపాటు. తప్పును పట్టింది కూడా మరింత జాగ్రత్తగా చేసిన డీఎన్ఏ పరీక్షే. పైగా పాత పరిశీలన ఎల్లవేళలా ఓడలేదు: అనెలిడా పురుగుల్లో తిరుగాడేవి, స్థిరంగా ఉండేవి అన్న పందొమ్మిదో శతాబ్దపు విభజనను కృత్రిమమని తోసిపుచ్చారు. 2011 నాటి జన్యు విశ్లేషణ దాన్ని కొంత సవరించి మళ్లీ నిలబెట్టింది. నీరిస్ లాంటి సముద్రపు అనెలిడాలను చేర్చిన పాలీకీటా విభాగానికి మాత్రం ఆ అదృష్టం దక్కలేదు. వానపాములు, జలగలు అందులోంచే పుట్టిన శాఖ అని తేలాక, వాటిని బయట పెట్టిన పాలీకీటా సహజ సమూహంగా మిగల్లేదు. పాలీకీటా, వానపాములు, జలగలు అంటూ మన తరగతి గదుల్లో ఇంకా చెబుతున్న మూడు విభాగాల పట్టికను సవరించక తప్పదు.

ఒకప్పుడు రెండు ప్రత్యేక వర్గాలుగా ఉన్న గొట్టపు పురుగులు ఇప్పుడు అనెలిడాలో ఒక కుటుంబం మాత్రమే. ఆ కుటుంబానికి చెల్లుతున్న పేరు, ప్రాధాన్య నియమం ప్రకారం, 1914లో కోలరీ పెట్టిన సిబోగ్లినిడే.