ఇంజనీరింగ్ డ్రాయింగులో కొలతలు వేసే పద్ధతి

ఒక యంత్రభాగం ఎంత పొడవు, ఎంత మందం, దానిలో రంధ్రం ఎక్కడ, గాడి ఎంత లోతు అన్న వివరాలను డ్రాయింగు మీద అంకెలతో, గీతలతో, గుర్తులతో తెలపడాన్ని డైమెన్షనింగ్ అంటారు. బొమ్మ ఆకారాన్ని చూపుతుంది. పరిమాణం విషయంలో అంకెదే చివరి మాట. అందుకే డ్రాయింగు మీద స్కేలు ఆనించి కొలత తీసుకోకూడదు. ప్రింటు తీసినప్పుడు సైజు మారుతుంది, కాగితం తేమకు సాగుతుంది. కావలసిన కొలత కనబడకపోతే టర్నరు ఊహించకూడదు, డ్రాయింగు ఆఫీసును అడగాలి. అలా అడగాల్సిన అవసరం రాకుండా గీసిందే మంచి డ్రాయింగు.

మన దేశంలో ఈ పద్ధతులకు ఐఎస్ 11669 ప్రమాణం ఉంది. పాలిటెక్నిక్, ఇంజనీరింగ్ విద్యార్థులు చదివేది ఎస్‌పి 46. అంతర్జాతీయంగా ఐఎస్ఓ 129-1, అమెరికాలో ఏఎస్ఎమ్ఈ వై14.5 వాడుకలో ఉన్నాయి. వీటి మధ్య చిన్న చిన్న తేడాలున్నాయి. ఐఎస్ఓ పద్ధతిలో ఎక్స్‌టెన్షన్ లైను (కొలత గీత హద్దును చూపే గీత) వస్తువు అంచును తాకుతూ మొదలవ్వవచ్చు. అమెరికన్ పద్ధతిలో అంచు దగ్గర కాస్త ఖాళీ వదులుతారు. అంకెలను కొలత గీత వెంట తిప్పి రాసేది అలైన్డ్ పద్ధతి, అన్నిటినీ కాగితం అడుగు నుంచి చదివేలా నిటారుగా రాసేది యూనిడైరెక్షనల్ పద్ధతి. ఏది ఎంచుకున్నా ఫరవాలేదు. ఒకే డ్రాయింగులో రెండూ కలపడమే తప్పు.

గీతల విషయం తేలికైనదే. కొలత గీతలు సన్నగా, వస్తువు గీతలు లావుగా ఉండాలి. చిన్న కొలత బొమ్మకు దగ్గరగా, పెద్దది దూరంగా వేస్తే గీతలు ఒకదాన్నొకటి కోసుకోవు. చుక్కల గీతలతో చూపిన లోపలి భాగాలకు కొలతలు వేయకుండా సెక్షన్ తీసి అక్కడ వేయడం మేలు. షాఫ్టుకూ రంధ్రానికీ వ్యాసమే ఇవ్వాలి, వ్యాసార్ధం కాదు. వెర్నియర్ కొలిచేది వ్యాసాన్నే. మిల్లీమీటర్లు అన్న మాట టైటిల్ బ్లాకులో ఒక్కసారి రాస్తే చాలు.

ఒక్కో కొలతను ఒక్కచోటే వేయాలన్న నియమం చాలామందికి చాదస్తంగా కనిపిస్తుంది గాని, దాని విలువ సవరణల వేళ తెలుస్తుంది. రెండు వ్యూలలో 25 అని వేసిన షాఫ్టును తర్వాత 24కు మార్చారనుకుందాం. ఒకచోట దిద్ది రెండోచోట మరిచిపోతే, లేత్ దగ్గర మనిషి ఒక అంకె చూసి తిప్పుతాడు, ఇన్‌స్పెక్టరు ఇంకో అంకె చూసి రిజెక్ట్ చేస్తాడు. ఇద్దరి తప్పూ లేదు.

అసలు కష్టం కొలతను ఎక్కడి నుంచి మొదలుపెట్టాలన్న చోట ఉంది. 200 మి.మీ. పొడవున్న ప్లేటులో, ఎడమ అంచు నుంచి 20 దగ్గర మొదటి రంధ్రం, అక్కణ్ణుంచి 40 చొప్పున మరో నాలుగు రంధ్రాలు వేయాలి. ప్రతి కొలతకూ ±0.1 టాలరెన్స్, అంటే అనుమతించే తేడా, ఇద్దాం. గొలుసుకట్టుగా 20, 40, 40, 40, 40 అని వేస్తే ఐదు కొలతల తేడాలూ కలిసి, అయిదో రంధ్రం అంచు నుంచి 179.5 మొదలు 180.5 వరకు ఎక్కడైనా పడవచ్చు. అన్నిటినీ ఒకే అంచు నుంచి 20, 60, 100, 140, 180 అని వేస్తే ఏ రంధ్రమైనా ±0.1 దాటదు. అయితే ఇక్కడ పక్కపక్క రంధ్రాల మధ్య దూరం ±0.2 దాకా మారవచ్చు. ఆ రెండింటి మీద ఒక బ్రాకెట్ కూర్చోవాలంటే, వాటి మధ్య దూరాన్నే సూటిగా వేయాలి. ఏ కొలత సరిపోతేనే భాగం పనిచేస్తుందో దాన్ని డ్రాయింగు మీద నేరుగా ఇవ్వాలి. కూడికలు, తీసివేతలతో రాబట్టుకొనేలా వదలకూడదు. పాఠ్యపుస్తకాలు దీన్ని పది నియమాల్లో ఒకటిగా చెబుతాయి. నిజానికి మిగతా నియమాలకన్నా ముందు నేర్పాల్సింది ఇదే.

గొలుసులోని కొలతలన్నీ ఇచ్చి, పైగా మొత్తం పొడవు కూడా ఇస్తే డ్రాయింగు తనతో తానే విభేదిస్తుంది. ఒకటి వదిలేయాలి, లేదా సమాచారం కోసమే అని తెలిసేలా బ్రాకెట్లలో పెట్టాలి.

టాలరెన్స్ బిగించే కొద్దీ ఖర్చు పెరుగుతుంది. బుష్‌లో తిరిగే షాఫ్టుకు 25 హెచ్7/జి6 ఫిట్ ఇస్తే రంధ్రం 25.000 నుంచి 25.021 వరకు, షాఫ్టు 24.980 నుంచి 24.993 వరకు ఉండాలి, సందు 0.007 నుంచి 0.041 మి.మీ. ఇది రీమర్, గ్రైండింగ్ అడిగే పని. అదే భాగంలో దేనికీ ఆనని బయటి అంచుకు ఐఎస్ఓ 2768 మధ్యస్థ తరగతి చాలు. 30 నుంచి 120 మి.మీ. మధ్య కొలతలకు అది ±0.3 ఇస్తుంది.

రంధ్రం స్థానాన్ని రెండు దిశల్లో ± తో చెబితే దాని కేంద్రానికి దొరికేది చతురస్రపు హద్దు. స్కాట్లాండ్‌లోని టార్పెడో ఫ్యాక్టరీలో పనిచేసిన స్టాన్లీ పార్కర్ ఆ హద్దు వృత్తంగా ఉండాలని వాదించాడు. చతురస్రం మూల దాకా ఒప్పుకున్న తేడాను మిగతా దిశల్లో ఎందుకు కాదనాలి? ఆ మూలలను తాకే వృత్తం చతురస్రంకన్నా 57 శాతం పెద్దది. బోల్టు చక్కగా పట్టే ఎన్నో భాగాలు రిజెక్ట్ కాకుండా మిగులుతాయి. నేటి జామెట్రిక్ టాలరెన్సింగ్‌కు పునాది ఈ ఆలోచనే.

క్యాడ్ సాఫ్ట్‌వేర్ ఇప్పుడు ఒక్క నొక్కుతో కొలతలన్నీ వేసిపెడుతుంది. అవి చాలావరకు మోడల్ గీసేటప్పుడు అనువుగా ఇచ్చుకున్నవి. భాగం దేనికి ఆనుతుందో, దేనిలో తిరుగుతుందో వాటికి తెలియదు గనుక, డ్రాయింగు విడుదలకు ముందు ప్రతి అంకెనూ అసెంబ్లీ పక్కన పెట్టుకొని చూడాల్సిందే.