కరుణరసమునకు తెలుగు రథము

బైబిలు కథను చలనచిత్రముగా మలచుటలో సంప్రదాయమును విడిచినవారిని తలచినపుడు సాధారణముగా పాసోలినీ పేరు ముందు వచ్చును. 1964లో ఇటలీలో ఆయన మత్తయి సువార్తను చిత్రముగా తీసినాడు. మార్క్సువాదియు నాస్తికుడును ఐన ఆ దర్శకుడు వృత్తినటులను కాదని ఒక స్పెయిను విద్యార్థిని క్రీస్తుగా నిలిపినాడు. యెరూషలేమునకు బదులు దక్షిణ ఇటలీలోని మాతేరా పట్టణమును చూపినాడు. సంభాషణలు మాత్రము సువార్తలోనివే. అక్కడ మాట నిలిచినది, నేల మారినది.

తెలుగులో జరిగినది దీనికి విలోమము. వేషము పాలస్తీనాదే, పలుకుబడి, రసము మనవి.

ఈ మార్పునకు సాహిత్యము దారి వేసియుండెను. జాషువా ‘క్రీస్తు చరిత్ర’కు 1964లో సాహిత్య అకాడమీ పురస్కారము లభించినది. రామాయణ భారతములను మోసిన పద్యమే ఆ కావ్యములో గలిలయ కథను మోసినది.

1978లో వెలువడిన ‘కరుణామయుడు’ దర్శకుడు ఎ. భీమ్‌సింగ్. ‘పాశమలర్’ వంటి తమిళ చిత్రములతో కుటుంబ శోకమును తెరపై పండించిన ఆయన ఈ చిత్రము విడుదల కాకమునుపే, ఆ యేడు జనవరిలోనే, మరణించినాడు. క్రీస్తు పాత్ర విజయచందర్‌ది. సిలువ మోయుచు క్రీస్తు నడచు ఘట్టమునకు మోదుకూరి జాన్సన్ వ్రాసిన పాటలో ఆ నడక రథయాత్రయైనది. సువార్తలలో ఆయన రథమెక్కిన ఘట్టము లేదు. ఐతే మన ఊళ్లలో రథము కదలుటయనగా దేవుడు గుడి విడిచి జనుల నడుమకు వచ్చుట. ఆ ఒక్క మాటతో వధ్యుని నడక ఉత్సవమైనది, ఉత్సవము కన్నీరైనది. ఇంత పెద్ద మార్పును ప్రేక్షకుడు మార్పుగా గుర్తింపకపోవుటయే కవి విజయము.

1980లో బాపు, ముళ్లపూడి వెంకటరమణల ‘రాజాధిరాజు’ మరొక అడుగు వేసినది. ‘సంపూర్ణ రామాయణము’ తీసిన చేతులే క్రీస్తు కథను అందుకొన్నవి. నూతన్ ప్రసాద్ ధరించిన సాతాను వలన భక్తిచిత్రములో వ్యంగ్యమునకు చోటు దొరికినది.

ఈ చిత్రములను మన విమర్శ తగినంతగా పట్టించుకొనలేదు. ‘కరుణామయుడు’ హిందీలో ‘దయాసాగర్’గా మారి, బోధకుల వెంట గ్రామగ్రామము తిరిగినది. ప్రచారసాధనమైనది గనుక అది సాహిత్యచర్చకు రాదని మనము అనుకొంటిమేమో. తెలుగు, హిందీ, గోండి, దోర్లి, హల్బీ పక్కపక్కనే వినిపించు బీజాపూర్ వంటి సీమనుండి చూచినచో ఆ అభిప్రాయము నిలువదు. ఇక్కడ భాష దాటని కథ పొరుగింటికైనను చేరదు. దాటునపుడు ఏ మాట మిగులును, ఏ మాట కొత్తగా పుట్టును అన్నదే అనువాదకుని ప్రశ్న. రథము అట్లు పుట్టిన మాట. దానిని బోధకుల పెట్టెలోనే వదలివేసినచో మన అనువాద చరిత్రలో ఒక అధ్యాయము వ్రాయక విడిచినట్లే.