నాగోబా జాతర, ఇంద్రవెల్లి సంత: ఒకే నేల కథ

పుష్యమాసంలో మెస్రం వంశస్థులు చెప్పులు లేని కాళ్లతో నడిచి వెళ్లి, జన్నారం దాపున గోదావరిలోని హస్తినమడుగు నుంచి ఝారీలో గంగాజలం తెస్తారు. తిరుగుదారిలో ఇంద్రవెల్లిలో ఆగుతారు. అక్కడ ఇంద్రాదేవికి పూజ చేశాకే కేస్లాపూర్ మర్రిచెట్టు కిందికి చేరతారు. అమావాస్య రాత్రి ఆ నీళ్లతోనే నాగోబాకు మహాపూజ. అంటే జాతర దారి ఇంద్రవెల్లి మీదుగానే పోతుంది.

ఇంద్రవెల్లి పేరు వింటే మాత్రం మనకు జాతర గుర్తుకు రాదు. 1981 ఏప్రిల్ 20 గుర్తుకు వస్తుంది, కాల్పులు గుర్తుకు వస్తాయి. కేస్లాపూర్ అంటే డోలు, కాలికోమ్, గుస్సాడీ బొమ్మలున్న పోస్టర్లు. బడి పుస్తకాల్లోనూ అంతే. నాగోబా సంస్కృతి పాఠంలో ఉంటుంది, ఇంద్రవెల్లి ఉద్యమాల పాఠంలో ఉంటుంది. ఒక చోటి నుంచి ఇంకో చోటికి నడిచి పోవచ్చు, అయినా పిల్లలు వాటిని రెండు వేర్వేరు కథలుగా చదువుకుంటారు. నాకు ఇవి రెండు కథలుగా కనబడవు. గోండు జనం ఒక చోట కూడినప్పుడల్లా దాని వెనుక చేను ఉంది, విత్తనం ఉంది, పంట ఎవరిదన్న ప్రశ్న ఉంది. ఆ సంగతి చెప్పడానికే ఈ వ్యాసం.

మన పండుగల వరుస చూడండి. అది సేద్యం వరుసే. గోండీలో విజ్జ అంటే విత్తనం. తొలకరికి ముందు ప్రతి ఇంటివాళ్లూ పిడికెడు విత్తనాలు తెచ్చి ఊరి కావలి దేవుడు ఆకిపేన్ దగ్గర పోస్తారు. దేవారి వాటికి పూజ చేస్తాడు. అన్ని ఇళ్ల గింజలూ కలిసిపోతాయి. అందులోంచి ప్రతి ఇంటికీ మళ్లీ పిడికెడు పంచుతారు, దాన్ని ఇంటి విత్తనంలో కలుపుకొని చేనుకు పోతారు. పటేల్ ఇంటి గింజ, ఎడ్లు లేని పేదవాడి గింజ ఒకే దొప్పలో కలుస్తాయి. వీటిలో ఏ గింజ ఎవరి చేలో మొలుస్తుందో ఎవరూ చెప్పలేరు. ఈ ఒక్క పూజను జాగ్రత్తగా చూస్తే మన పెద్దలు సేద్యాన్ని ఎట్లా అర్థం చేసుకున్నారో తెలుస్తుంది. చేను ఒక ఇంటిదే, పంటను కాపాడుకోవడం మాత్రం గూడెం పని.

వానలు పడ్డాక ఆషాఢంలో పశువుల కోసం అడవిలో అకాడి పూజ వస్తుంది. తర్వాత ఎడ్లకు పొలాల అమావాస్య. కొత్త పంట చేతికొస్తే దేవుడికి పెట్టి తినే కొత్తల పండుగ. కలుపు పనులు తీరి పెద్ద కోతలు ముమ్మరం కాకముందు దీపావళి నాళ్లలో దండారీ. దండారీని ఇప్పుడు వేదికల మీద పది నిమిషాల నాట్యంగా చూపిస్తున్నారు. అసలు దండారీ అంటే ఒక గూడెం ఇంకో గూడేనికి చుట్టంగా పోవడం. వచ్చిన వాళ్లందరికీ అన్నం పెట్టాలి. ఆ తర్వాత వీళ్లు వాళ్ల ఊరికి పోవాలి. పిల్లలకు సంబంధాలు కుదిరేది, పాత తగవులు తీరేది, ఎవరి ఊళ్లో పంట ఎట్లా ఉందో తెలిసేది అప్పుడే. కోతలై గింజ ఇల్లు చేరే పుష్యంలో నాగోబా జాతర వస్తుంది. ఛకడా బండి ఊరూరా తిరిగి కబురు చెబుతుంది. కేస్లాపూర్ గోవాడలో మెస్రంలు కితల వారీగా పొయ్యిలు పెట్టుకుని వండుకుంటారు. సిరికొండ కుమ్మరి చేసిన కుండలతో మెస్రం ఆడపడుచులు, అల్లుళ్లు కోనేటి నీళ్లు తెచ్చి పుట్ట మట్టిని మెత్తుతారు. కొత్త కోడళ్లను భేటింగ్‌లో దేవుడి ముందు నిలబెట్టి వంశంలో కలుపుకుంటారు.

ఇంకో మాట. ఇది గోండుల పండుగ మాత్రమే అనుకుంటే పొరపాటు. సిరికొండ కుమ్మరి లేనిదే ఆ కుండలు లేవు. వంశ కథ చెప్పడానికి కిక్రీ పట్టుకుని పర్ధాన్ రావాలి. ఆయనకు పాత రోజుల్లో జీతం లేదు, దాత ఇంట్లో పంట వచ్చినప్పుడు గింజ వచ్చేది. నేల దేవుళ్లకు పూజ చేయాలంటే చాలా చోట్ల గోండులు కోలాం పూజారిని పిలిచేవారు, ఆ నేల తమకంటే ముందు కోలాంలదన్న గౌరవంతో. సేద్యం చెడితే గోండు రైతు ఒక్కడే చెడడు. అతని వెంట పాట చెడుతుంది, కథ చెడుతుంది.

ఆ చెడు ఎట్లా వచ్చిందో ఇప్పుడు చూద్దాం. పాత రోజుల్లో తేలిక నేలల్లో కొన్నేళ్లు దున్ని, బీడు వదిలి, పక్కకు జరిగి మళ్లీ దున్నేవారు. ఎవరు ఎక్కడ దున్నాలో పటేల్, పెద్దలు కూర్చొని తేల్చేవారు. కాగితం లేదు, కాగితం అవసరమూ రాలేదు. నిజాం ప్రభుత్వం అడవికి హద్దులు గీసి రిజర్వు చేయడం మొదలుపెట్టాక ఈ పద్ధతే నేరమైంది. బీడు వదిలిన భూమి అడవి లెక్కలోకి పోయింది. దున్నుతున్న భూమికి పట్టా అడిగారు. 1920ల చివర్లో కాజీపేట–బల్లార్షా రైలుమార్గం వచ్చింది, రోడ్లు పడ్డాయి. పట్టా అంటే ఏమిటో, దఫ్తర్‌లో ఎవరిని కలవాలో తెలిసినవాళ్లు బయటి నుంచి వచ్చి నల్లరేగడి భూములు రాయించుకున్నారు. తరతరాలుగా దున్నినవాడు తన చేనుకే పాలేరయ్యాడు.

కొమురం భీం నిలబడింది ఈ చోటే. జోడేఘాట్, బాబేఝరీ వంటి పన్నెండు గూడేల జనం అడిగింది దున్నిన నేల మీద హక్కు, పశువులు మేసే అడవి మీద హక్కు. 1940లో జోడేఘాట్‌లో భీంను కాల్చి చంపారు. మనం ఆయన వర్ధంతిని ఇంగ్లీషు తేదీతో కాకుండా ఆశ్వయుజ పున్నమికి జరుపుతాం. అంటే ఆ అమరత్వాన్ని కూడా మన పండుగల వరుసలోనే పెట్టుకున్నాం.

జోడేఘాట్ తర్వాత నిజాం సర్కారుకు భయం పట్టింది. గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవడానికి ఆస్ట్రియా దేశపు మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌కు పని అప్పగించింది. ఆయన, ఆయన భార్య బెట్టీ ఎలిజబెత్ మార్లవాయిలో గుడిసె వేసుకుని ఉన్నారు. ఆయన రాసిన పుస్తకాలకన్నా మనకు ఎక్కువ పనికొచ్చినవి రెండు. ఒకటి భూమి. లావోణి నియమాల కింద జిల్లాలో లక్షన్నర ఎకరాలకు పైగా భూమి ఆదివాసీల పేర రాయించారు. ఇప్పటికీ మన పెద్దల పెట్టెల్లో ఆ లావోణి పట్టాలు ఉన్నాయి. రెండోది బడి. 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం మొదలైంది. దేవనాగరి లిపిలో గోండీ వాచకాలు అచ్చేశారు. మన తొలి తరం పంతుళ్లు అక్కడ తయారైనవాళ్లే. తన పేరు మీద ఏ సర్వే నంబరు ఉందో చదవగలిగినవాణ్ని మోసం చేయడం కష్టం కాబట్టి భూమి, బడి ఒకేసారి వచ్చాయి.

నాగోబా దర్బార్ పుట్టింది కూడా ఆ 1940ల్లోనే. అధికారి ఊరూరా తిరిగితే ఏళ్లు పడుతుంది. ఆదివాసీ దఫ్తర్‌కు పోతే జవాను గేటు దాటనివ్వడు. జాతరకు మాత్రం అందరూ వస్తారు. అందుకే హైమన్‌డార్ఫ్ అధికారులను కేస్లాపూర్‌కు రప్పించారు. జాతరలోకి ప్రభుత్వం తెచ్చిన కొత్త వస్తువు దర్బార్ అని కొందరు అంటారు. నేను కొంతవరకే ఒప్పుకుంటాను. కోతల తర్వాత కూడి పంచాయితీలు తీర్చుకోవడం మనకు ముందే ఉంది. ప్రభుత్వం వచ్చి ఆ చాప మీద కూర్చుంది, అంతే. ఆదివాసీలు కూడిన చోటికి ప్రభుత్వం తుపాకీ లేకుండా, అర్జీ తీసుకోవడానికి రావడం అప్పటికి కొత్త.

తర్వాత చట్టాలు వచ్చాయి. 1959 భూబదలాయింపు నిబంధన, దాన్ని తెలంగాణకు 1963లో వర్తింపజేయడం, 1970లో వచ్చిన 1/70. ఏజెన్సీలో ఆదివాసీ భూమి ఆదివాసేతరుడికి చెల్లదని ఈ చట్టం గట్టిగానే చెప్పింది. అయినా భూమి పోయింది. సంతలో అప్పు, అప్పుకు వడ్డీ, వడ్డీకి పంట, పంట చాలకపోతే చేను. పట్టా పాతవాడి పేరు మీదే ఉంటుంది, దున్నేది మాత్రం సావుకారి మనుషులు. 1970ల చివర్లో మళ్లీ వచ్చి చూసిన హైమన్‌డార్ఫ్, తన కాలంలో ఇచ్చిన భూములు ఎట్లా చేయిజారాయో 1982లో వచ్చిన పుస్తకంలో బాధతో రాశారు.

ఇంద్రవెల్లి సంత సోమవారం. 1981 ఏప్రిల్ 20 కూడా సోమవారమే. గిరిజన రైతు కూలీ సంఘం ఆ రోజు సభ పెట్టుకుంది. అడిగినవి కొత్తవి కావు: దున్నుతున్న భూములకు పట్టాలు, సంతలో సరైన ధర, సావుకార్ల దోపిడీ ఆపడం. సభకు ఇచ్చిన అనుమతి రద్దు చేసి 144 సెక్షన్ పెట్టారు. ఆ కబురు అన్ని గూడేలకూ చేరలేదు. సంతకు వచ్చేవాళ్లు ఎట్లాగూ వస్తారు. పోలీసులు కాల్పులు జరిపారు. ప్రభుత్వ లెక్కలో చనిపోయినవాళ్లు 13 మంది. హక్కుల సంఘాలు అరవై మందికి పైనే అన్నాయి. శవాన్ని చూపితే కేసు పెడతారన్న భయం అప్పటి గూడేల్లో ఎంత ఉండేదో తెలిస్తే, లెక్కల మధ్య అంత తేడా ఎందుకో అర్థమవుతుంది.

1983లో హీరాపూర్ దగ్గర స్తూపం కట్టారు. 1986లో దాన్ని కూల్చేశారు. 1987లో ప్రభుత్వమే మళ్లీ కట్టించింది. ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు ఏప్రిల్ 20 వస్తే అక్కడ పోలీసులే ఎక్కువ కనబడేవారు. నివాళి పెట్టడానికి పోయేవాళ్లను దారిలోనే ఆపేవారు. జనవరిలో అదే దారిలో జాతరకు పోయేవాళ్లకు ప్రత్యేక బస్సులు వేసేవారు. భూమి గురించి కేస్లాపూర్‌లో అర్జీ రాసి ఇస్తే దండ వేసుకున్న అధికారి తీసుకుంటాడు. అదే మాట ఇంద్రవెల్లిలో జెండా పట్టి అడిగితే నేరం. ఈ తేడా గీసింది మనం కాదు. మన తాతలకు నాగోబా దగ్గర కూడడం, సంతలో కూడడం రెండూ చేను కోసమే.

ఉపాధ్యాయులకు ఒక పని చెప్పాలని ఉంది. పిల్లలతో వాళ్ల గూడెం పటం గీయించండి. ఆకిపేన్ ఎక్కడ, పొలాలు ఎక్కడ, బీడు ఎక్కడ, అడవి హద్దు రాళ్లు ఎక్కడ. ప్రతి చేను దగ్గర దానికి ఏ కాగితం ఉందో రాయించండి: లావోణియా, అటవీ హక్కుల పత్రమా, ఏమీ లేదా. 2006 అటవీ హక్కుల చట్టం కింద వచ్చే పత్రంలో భార్యాభర్తలిద్దరి పేర్లూ ఉండాలి. ఉన్నాయో లేదో పిల్లలే చదివి అమ్మకు చెప్పగలరు. 2023 జూన్ 30న ఆసిఫాబాద్‌లో మొదలుపెట్టి రాష్ట్రంలో నాలుగు లక్షల ఎకరాలకు పైగా పోడు పట్టాలు ఇచ్చారు. అది చిన్న సంగతి కాదు. అయితే ఆ చట్టంలోనే గూడెం మొత్తానికి అడవి మీద సామూహిక హక్కు ఉంది. ఆ పత్రాలు వచ్చిన గూడేలు చాలా తక్కువ. విడివిడి పట్టా తెచ్చుకుని ఊరుకుంటే, విజ్జ నాడు గింజలు కలిపిన జనం ఎవరి కంచె వాళ్లు వేసుకున్నట్టే.

ఇప్పుడు నల్లరేగడి నిండా పత్తి. జొన్న తగ్గింది, జొన్నతోపాటు పశువుల మేతా తగ్గింది. పత్తి అమ్మితే చేతికి డబ్బు వస్తుంది, పిల్లల చదువుకు ఆ డబ్బు కావాలి. దాన్ని తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. ఒక్కటి మాత్రం మారింది. ఈ పత్తి విత్తనం ఏటా కొనాలి, ఇంట్లో దాచినది మళ్లీ సరిగా పండదు. విత్తనం ప్యాకెట్ తొలకరికి ముందే అప్పు మీద వస్తుంది, పంట ఆ అప్పు ఇచ్చినవాడి కాంటాకే పోతుంది. 1970ల్లో సంతలో నడిచిన కథకు ఇది మరీ దూరంగా లేదు. దాచిన జొన్న గింజ లేని ఇల్లు ఆకిపేన్ ముందు ఏం పోయాలి?

కూడి చేసే శక్తి మాత్రం పోలేదు. కేస్లాపూర్‌లో నాగోబా కొత్త గుడిని మెస్రంలు తమ రైతు కుటుంబాల, ఉద్యోగుల చందాలతోనే కట్టుకున్నారు. ఖర్చు కోట్లలో. 2022 డిసెంబరులో విగ్రహ ప్రతిష్ఠ జరిగింది. ఉట్నూరులో ఆదివాసీ మహిళలు సహకార సంఘం పెట్టుకుని ఇప్పపువ్వు లడ్డూలు చేసి అమ్ముతున్నారు. ఒకప్పుడు ఆ ఇప్పపువ్వునే సంతలో ఉప్పుకు, బట్టకు ఇచ్చి వచ్చేవాళ్లం. గుడికి లెక్కలు రాసిన చేతులు విత్తనాల కొట్టుకు రాయలేవా? ఇప్పపువ్వుకు ధర నిర్ణయించుకున్న ఆడవాళ్లు జొన్నకు నిర్ణయించలేరా? ఈ మాట ఎక్కువగా చదువుకున్న తమ్ముళ్లతో, చెల్లెళ్లతో అంటున్నాను. దండారీ వీడియోలు మీ ఫోన్లలో చాలా ఉన్నాయి. విజ్జ నాడు గూడెంలో ఉన్నవాళ్లు మీలో ఎందరు?

దర్బార్ ఈనాటికీ జరుగుతోంది. కలెక్టర్, ఐటీడీఏ అధికారులు, కొన్నేళ్లు మంత్రులు వస్తారు. అర్జీల్లో పోడు ఉంటుంది, పట్టా ఉంటుంది, గూడెం రోడ్డు, తాగునీళ్లు ఉంటాయి. దర్బార్ అయ్యాక మెస్రంలు మిగిలిన పూజలు ముగించుకుని ఉట్నూరు మండలం శ్యాంపూర్‌లో బుడుందేవ్ జాతరకు బయలుదేరతారు. అర్జీల కట్టలు జీపులో ఆదిలాబాద్‌కు పోతాయి.