కమాన్ మీద ఇల్జాం

కమాన్ అనే ఫార్సీ మాటకి అసలు అర్థం విల్లు. మన ఇళ్ళల్లోకి వచ్చాక అది ఒక్క అర్థంతో కుదురుగా కూర్చోలేదు. దూదేకుల సాయిబు దూది ఏకే విల్లు కమాన్. ఫిడేలు వాయించే పుల్ల కమాను. ఊరి మొగదల కట్టే తోరణం కమాన్. లారీ ఇరుసు మీద పేర్చిన ఉక్కు పట్టీల కట్ట కూడా కమానే. ఉర్దూలో గడియారం లోపలి స్ప్రింగుని కమానీ అంటారు. తోరణం సంగతి వేరు, దానికి వంపు ఒక్కటే దక్కింది. తక్కినవన్నీ వంచితే వంగి, వదిలితే తమ షకల్‌కి తాము తిరిగొచ్చేవి.

ఆదోని, ఎమ్మిగనూరు, కౌతాళం పత్తి పండే నేల. ఇక్కడ దూదేకుల కమాన్ ఒకప్పుడు ఇంటి పేరంత మామూలు మాట. జిన్నింగు మిల్లులు వచ్చి ఆ పేషాని మింగేశాయి. కమాన్ అన్న మాట మాత్రం పోలేదు, బండి కిందికి దిగింది. అక్కడ దానికి మోసే పని పడింది, దాంతో పాటు నిందలు మోసే పని కూడా. ఈ కాలం కుర్రాళ్ళు కారుని నేలకి దగ్గరగా దించే పొట్టి స్ప్రింగులు వేయించి, బండి ఒక పక్కకి వాలిందని మిస్త్రీల గల్లా పట్టుకుంటున్నారు. ఈ తగాదా అర్థం కావాలంటే కమాన్ తారీఖు కొంచెం వెనక్కి తిప్పాలి.

1678లో రాబర్ట్ హుక్ అనే ఇంగ్లీషు ఆలిమ్ స్ప్రింగు ఉసూల్‌ని పుస్తకంలో రాశాడు. ఎంత వజన్ వేస్తే అంత సాగుతుంది, వజన్ రెట్టింపైతే సాగడమూ రెట్టింపు. రెండేళ్ళ ముందే ఆ మాటని అక్షరాలు కలగాపులగం చేసి అచ్చేశాడు, ఇంకెవడైనా కొట్టేస్తాడేమోనని. ఆలిములకి కూడా పక్కింటివాడంటే భయమే! ఆ ఉసూల్‌లో రెండే సంగతులున్నాయి, స్ప్రింగు గట్టిదనం, దాని మీద పడే బరువు. ఎత్తు అనేది స్ప్రింగు ఒక్కదాని సొంత గుణం కాదు. ఈ ఒక్క ముక్క గుర్తుంటే గుజిరీలో సగం జగడాలు ఉండవు.

దీన్ని పుస్తకం చదవకుండానే తెలుసుకున్నవాళ్ళు మన జట్కావాలాలు. దక్కనీలో ఝట్కా అంటే కుదుపు, దాంట్లోంచే జట్కా వచ్చిందని చెబుతారు. రెండు చక్రాల బండి, కింద కమాన్ పట్టీలు, ముందు గుర్రం. మా నానా ఆదోని స్టేషను దగ్గర జట్కా తోలినవాడు. సవారీలు ఎక్కగానే ఆయన మొదటి మాట కిరాయి కాదు, "కొంచెం ముందుకు జరగండి" అనేది. వెనక బరువు ఎక్కువైతే నొగలు లేచి గుర్రం పొట్ట కింది పట్టీ బిగుసుకుంటుంది, ముందు ఎక్కువైతే దాని వీపు మీద పడుతుంది. లావాటి సేట్ ఒక పక్కన కూర్చుంటే అవతల పక్కకి మూటలు మార్చేవాడు. బండి వాలిందని కమాన్‌ని తిట్టడం ఆయన నోట ఎవరూ వినలేదట. ముందు వజన్ బరాబర్ చేసేవాడు, ఆ తర్వాతే కమాన్ వైపు చూసేవాడు.

తర్వాత లారీలు. బళ్ళారి జిల్లాలో ఉన్న ఆదోని తాలూకా 1953 అక్టోబరు 1న ఆంధ్రలో కలిసింది. సర్కారు మారినా పత్తి బేళ్ళు మోసే లారీల కమాన్లు మాత్రం ఎప్పటిలాగే కుంగుతూనే ఉన్నాయి. కుంగిన కట్టని విప్పి, పట్టీలు కొలిమిలో కాల్చి, దాగలి మీద కొట్టి మళ్ళీ వంపు తెచ్చే ఉస్తాదులు ఉండేవారు. వాళ్ళ అందాజా కంటిలో ఉండేది. రెండు కట్టలు పక్కపక్కన నిలబెట్టి, వంపు కలిసిందా లేదా అని చూసేవారు. ఒక పక్క తక్కువైతే ఇంకో పట్టీ చేర్చేవారు. అంటే కమాన్ చేసేవాడూ, ఎత్తు సరిచేసేవాడూ ఒక్కడే. నా దృష్టిలో అసలు ముఖ్యమైన సంగతి ఇదే.

1957లో వచ్చిన అంబాసిడర్‌కి వెనక పట్టీల కమాన్లే. ముందు మాత్రం పొడవాటి ఉక్కు కడ్డీలు, మెలి తిరగడమే వాటి పని. ఒక పక్క కుంగితే ఆ కడ్డీ బిగింపుని జరిపి ఎత్తు తెచ్చుకునే వీలుండేది. ఇంగ్లండులో 1950లో ఫోర్డు కాన్సల్, జెఫిర్ కార్లకి మెక్‌ఫెర్సన్ స్ట్రట్ వచ్చింది. షాక్ అబ్సార్బరు, దాని చుట్టూ చుట్టల స్ప్రింగు, అంతా ఒకే స్తంభం. 1983 డిసెంబరులో మారుతి 800తో అది మన గల్లీలకి వచ్చింది. చుట్టల స్ప్రింగుని కొలిమిలో పెట్టి సరిచేసే హునర్ మన ఉస్తాదులకి లేదు, ఉండాల్సిన అవసరమూ లేదు. ఫ్యాక్టరీ పెట్టె వస్తుంది, విప్పి వేయడమే పని. చేసేవాడు ఎక్కడో ఉన్నాడు, వేసేవాడు ఇక్కడ ఉన్నాడు, ఎత్తు కొలిచేవాడు మధ్యలో మాయమైపోయాడు. వాలిన బండికి జవాబు చెప్పాల్సింది మాత్రం ఎదురుగా దొరికిన మిస్త్రీ.

కారుని దించే షౌక్ మనది కాదు. లాస్ ఏంజెలెస్‌లో మెక్సికన్ కుటుంబాల కుర్రాళ్ళు డిక్కీలో ఇసుక మూటలు వేసి, స్ప్రింగుల చుట్టలు కోసి కార్లు దించేవాళ్ళు. తెల్లవాళ్ళ కార్లు వేగంగా పోతే వీళ్ళవి నెమ్మదిగా, నేలకి ఆనుకుని పోయేవి. చక్రం రిమ్ము కింది అంచు కన్నా కిందికి బండి భాగం ఏదీ దిగకూడదని కాలిఫోర్నియా 1958 జనవరి నుంచి కానూన్ పెట్టింది. మరుసటి ఏడే రాన్ అగిర్రే అనే కుర్రాడు విమానాల హైడ్రాలిక్ పంపులు కారుకి బిగించాడు. పోలీసు కనిపిస్తే లేపు, వెళ్ళిపోతే దించు. మన దగ్గర సుప్రీం కోర్టు 2019 జనవరిలో చెప్పింది, మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన అసలు వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదని. స్ప్రింగులు కొనే ముందు ఈ మాట కుర్రాళ్ళకి ఎవరూ చెప్పరు.

స్ప్రింగు కోసే పని ఇంకా దారుణం. చుట్టలు తగ్గితే స్ప్రింగు పొట్టిదవడమే కాదు, గట్టిదీ అవుతుంది. కోసిన కొస గిన్నెలో సరిగా కూర్చోదు. చక్రం గుంతలో వేలాడితే స్ప్రింగు జారిపోవచ్చు. దీన్ని హునర్ అనడం నాకు ఇష్టం లేదు.

మొన్న ఖాదర్‌లింగ స్వామి ఉరుసుకి కౌతాళం వచ్చిన మా బంధువుల పిల్లవాడి కారు వెనక కుడి పక్క 14 మిల్లీమీటర్లు కిందికి ఉంది. పెట్టెలో వచ్చిన కొత్త స్ప్రింగులే, కోసినవి కావు. "మామూ, వాడు నన్ను ముంచినాడు, ఈ రోజే పోయి అడుగుతా" అంటాడు. వేసింది పక్క టౌనులో ఒక కుర్ర మిస్త్రీ, కొత్తగా షెడ్డు పెట్టినవాడు. నలుగురిలో ఒకసారి పేరు చెడితే వాడి రోజీ అంతే.

నేను ముందు అడిగింది, పాత స్ప్రింగులు తీసే ముందు కొలిచావా అని. కొలవలేదు. ఇక్కడే ఉంది కిటుకు. టైరుకీ పైన రేకుకీ మధ్య నాలుగు వేళ్ళ సందు ఉన్నప్పుడు పది మిల్లీమీటర్ల తేడా ఎవరికీ కనబడదు. సందు రెండు వేళ్ళకి తగ్గితే అదే తేడా కంట్లో పొడుస్తుంది. కొత్త కార్లలో కూడా ఎడమ కుడికి కొన్ని మిల్లీమీటర్ల తేడా మామూలే. కొంత వాలు పాతదే కావచ్చు, దించడం వల్ల బయటపడింది.

రెండోది నేల. మాది నల్లరేగడి. వానకి ఉబ్బుతుంది, ఎండకి బీటలు తీస్తుంది, మీద వేసిన రోడ్డు అలలు తిరుగుతుంది. అలాంటి చోట బండి నిలబెట్టి, నేల నుంచి టేపు పట్టుకుంటే హిసాబ్ కుదరదు. ఒక గోడౌన్ గచ్చు మీదికి తీసుకెళ్ళాం. నాలుగు టైర్ల గాలి సరిచేశాం. డిక్కీలో ఉరుసు సామాను, కుడి మూలన నీళ్ళ క్యాను, అన్నీ దించేశాం. జాకీ దించాక టైర్లు నేలకి పట్టుకుని బండి పూర్తిగా కూర్చోదు కాబట్టి, ముందుకీ వెనక్కీ దొర్లించాం. చక్రం నడిమధ్య నుంచి రేకు అంచు దాకా నిలువుగా కొలిచాం. 14 కాస్తా 11 అయింది.

అప్పుడు ఫోన్ చేస్తే మిస్త్రీ తనే వచ్చాడు, ఖామోష్‌గా కింద పడుకుని చూశాడు. ఎడమ స్ప్రింగు కొస గిన్నెలో ఉన్న మెట్టుకి ఆనలేదు, తిరిగిపోయి ఎక్కి కూర్చుంది. అంటే కుడి పక్క కుంగలేదు, ఎడమ పక్క లేచి ఉంది! ఇంకొకటి, ఇరుసుని పట్టుకునే చేతుల బోల్టులు చక్రాలు వేలాడుతుండగానే బిగించాడు. ఆ బోల్టు చుట్టూ ఉండే రబ్బరు బుష్ బిగించిన చోటే పట్టుకుంటుంది. బండి దిగగానే అది మెలిపడి, స్ప్రింగుతో పాటు తనూ బండిని మోస్తుంది, కొన్నాళ్ళకి చిరుగుతుంది. బోల్టులు వదులు చేసి, బండి బరువు చక్రాల మీద ఉండగానే మళ్ళీ బిగించాలి.

"ఇవేమీ కాకపోతే ఏం చేస్తావు?" అని అడిగాను. "ఎడమది కుడికి, కుడిది ఎడమకి మారుస్తా భాయ్. వాలు స్ప్రింగుతో పాటు పోతే స్ప్రింగుది, అక్కడే ఉంటే బండిది" అన్నాడు. పక్కలు వేరుగా గుర్తు వేసి ఇచ్చే స్ప్రింగులకి ఇది పనికిరాదు, తక్కిన వాటికి ఇంతకంటే చవకైన గవాహ్ లేదు.

సరిచేశాక 4 మిల్లీమీటర్లు మిగిలింది. పిల్లవాడు దానికీ మొహం ముడిచాడు. కొత్త స్ప్రింగులు కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక ఇంకొంచెం కూర్చుంటాయి, అప్పుడు మళ్ళీ కొలుచుకోమని మిస్త్రీ చెప్పాడు. రెండోసారి పనికి మజ్దూరీ అడగలేదు. కూర్చోబెట్టడం తన లోపం కాబట్టి అది ఇన్సాఫే. కొలిచిన పనికి మాత్రం డబ్బు ఇప్పించాను. పిల్లవాడు జేబులోంచి తీయడానికి చాలాసేపే పట్టింది.