బడి ఉప్మా

చిక్కడపల్లి, నారాయణగూడ టిఫిన్ హోటళ్లలో ఉప్మా అంటే బొంబాయి రవ్వ, నెయ్యి, జీడిపప్పు. అశోక్‌నగర్‌లో సిటీ సెంట్రల్ లైబ్రరీ చుట్టూ గదులు తీసుకొని గ్రూప్స్‌కు చదివే పిల్లలకు అది డబ్బులు అయిపోయిన నెలాఖరు తిండి. ఆ పిల్లల్లో వాడల నుంచి వచ్చినవాళ్ల తల్లిదండ్రులను, తాతలను కదిలిస్తే ఇంకో ఉప్మా బయటికొస్తది. అదే బడి ఉప్మా. దాని చరిత్ర అమెరికా సైన్యం దాకా పోతది.

రెండో ప్రపంచ యుద్ధం ముగిసినంక, 1945 నవంబరులో అమెరికాలో 'కేర్' సంస్థ పుట్టింది. ఆకలితో ఉన్న యూరప్‌కు అది మొదట పంపినవి సైన్యం దగ్గర మిగిలిపోయిన రేషన్ పెట్టెలే. ఒక్కో పెట్టె పది మంది సైనికులకు ఒక రోజు తిండి. 1954లో పి.ఎల్. 480 చట్టం వచ్చినంక అమెరికా రైతుల మిగులు పంట కూడా ఇదే దారి పట్టింది. 1960, 70లలో మన బళ్లకు కేర్ పేరుతో గోధుమ రవ్వ, పాలపొడి, నూనె, మొక్కజొన్న-సోయా పిండి వచ్చినయి. దీన్ని ఉత్త దానమనుకుంటే పొరపాటు. 1966లో వియత్నాం యుద్ధాన్ని మన ప్రభుత్వం తప్పుబడితే, ప్రెసిడెంట్ జాన్సన్ గోధుమ ఓడలను బిగబట్టి కొద్దికొద్దిగా వదిలిండు. మన కరువు ఆయనకు పగ్గమైంది.

కొరియాలో 1950-53 యుద్ధం తర్వాత అమెరికన్ క్యాంపుల డబ్బా మాంసంతో కాచిన కూర ఇయ్యాల అక్కడి జాతి వంటకం. పేరులోనే 'సైనిక శిబిరం' ఉన్నది, ఎవరూ దాచుకోరు. మన దగ్గర అట్ల కాలేదు. ఉప్మా అనే పాత పేరు కింద రవ్వ యాడికెళ్లి వచ్చిందో మరుగున పడ్డది.

వాడల తిండి జొన్న గటక, రొట్టె, దొరికిననాడు పెద్దకూర. గోధుమ మనది కాదు. అయినా బడి ఉప్మాను మనవాళ్లు తమదిగా చెప్పుకుంటరు. ఎందుకంటే అది అక్షరంతో కలిసి వచ్చింది. ఇంట్ల మొదటిసారి పలక పట్టిన తరానికి మధ్యాహ్నం దాకా బడిలో కూచోవడానికి అదొక ఆసరా. స్తోమత గల ఇళ్ల పిల్లలు అన్నానికి ఇంటికి పోతే, పళ్లెం పట్టుకొని వరుసలో నిలబడ్డది ఎవరో ఊరందరికీ తెలుసు. అందుకే ఆ జ్ఞాపకంలో రుచితోపాటు సిగ్గు కూడా ఉంటది. మన ఆత్మకథలు రాసేవాళ్లు ఆ సిగ్గును తీసేసి రుచినొక్కటే రాస్తే సగం చరిత్రే అయితది.

ఏ దేశపు చేతులు పట్టిందో తెలియని పిండికి అంటు లేదు. వండే చెయ్యి మనదైతే మాత్రం లేచింది. బళ్లో వండి పెట్టాలని సుప్రీంకోర్టు 2001 నవంబరులో చెప్పినంక, దళిత వంటామె వండితే తిననియ్యమన్న తల్లిదండ్రులు అనేక రాష్ట్రాల్లో తేలిండ్రు. 2004 ఏప్రిల్‌లో అదే కోర్టు వంట పనుల్లో దళితులకు, ఆదివాసీలకు ప్రాధాన్యం ఇయ్యాలని ఆదేశించింది. అప్పటికి కుండలోది ఉప్మా కాదు, అన్నం.