మోకు, ముస్తాదు, చెట్టుపన్ను

తెలుగు సామెతల్లో తాటిచెట్టుకు దక్కిన చోటు తక్కువది కాదు. తాటిచెట్టు క్రింద పాలు త్రాగినా కల్లే అంటారని ఒక సామెత. తాడెందుకెక్కావురా అంటే దూడగడ్డి కోసమన్నాడట అని మరొకటి. తాడెక్కేవానిని ఎంతవరకని ఎగదోయగలమన్నది ఇంకొకటి. జాగ్రత్తగా గమనిస్తే ఈ మాటలన్నీ నేల మీద నిలబడి తల పైకెత్తి చూస్తున్నవారు అన్నవే. పైనున్న మనిషి ఏమనుకొన్నాడో, అక్కడనుంచి అతనికి ఊరెట్లా కనిపించిందో చెప్పే సామెత నాకైతే తారసపడలేదు.

సాహిత్యాభిమానులకు ఈ వృత్తితో మరొక బంధం కూడా ఉన్నది. అచ్చుయంత్రం వచ్చేదాకా మన కావ్యాలు నిలిచినది తాళపత్రాల మీదనే. గంటం పట్టిన లేఖకుని పేరు కొన్ని గ్రంథాల చివర కనిపిస్తుంది. ఆ ఆకును కోయడానికి చెట్టెక్కినవాని పేరు మాత్రం ఎక్కడా కనిపించదు.

గీత వృత్తి చేసేవారిని తెలంగాణలో గౌడలనీ, గౌండ్లనీ అంటారు. కోస్తాలో ఈడిగ, శెట్టిబలిజ, ఉత్తరాన యాత, శ్రీశయన అని వేర్వేరు పేర్లున్నాయి. పేర్లు వేరైనా పని ఒక్కటే, దానికి కావలసిన సరంజామా కూడా దాదాపు ఒక్కటే.

అందులో మొదటిది మోకు. చెట్టునూ మనిషి నడుమునూ కలిపి చుట్టి వచ్చే లావుపాటి త్రాడు ఇది. రెండవది ముస్తాదు, కొన్నిచోట్ల ముత్తాదు అంటారు. నడుముకు కట్టుకొనే ఈ పట్టాకే కత్తులుండే అర, లొట్టి తగిలించుకొనే కొక్కెం ఉంటాయి. మూడవది గుజి, రెండు పాదాలనూ కలిపి పట్టి ఉంచే బంధం. ఇవి కాక గీసే కత్తులు, కల్లు పట్టే లొట్లు.

ఎక్కే పద్ధతి చూసేవారికి తేలికగా కనిపిస్తుంది. మనిషి వీపును మోకు మీదికి వాల్చుతాడు. ఆ బరువుకు త్రాడు మ్రానును గట్టిగా కరచుకొంటుంది. గుజి పట్టుతో పాదాలు మ్రానుకు ఆనుతాయి. అప్పుడు ముందుకు ఒరిగి మోకును వదులు చేసి పైకి ఎగవేస్తాడు, మళ్ళీ వెనుకకు వాలి పాదాలను పైకి లాక్కొంటాడు. మోకు వదులైన ఆ ఒక్క క్షణంలో అతనిని నిలిపేది పాదాల పట్టు మాత్రమే. వానకు మ్రాను పాచిపట్టి జారినా, పట్టుకొన్న మట్ట ఎండిపోయి విరిగినా, కందిరీగలు ముసిరినా ప్రమాదమే. మోకు జారి తలక్రిందులుగా గంటల తరబడి చెట్టుకు వ్రేలాడినవారి వార్తలు పత్రికలలో తరచుగా వస్తూనే ఉన్నాయి.

పైకెక్కిన తరువాత అసలు పని మొదలవుతుంది. తాటిలో పోతుచెట్టు, పండుచెట్టు వేరువేరు. రెండింటి గెలలనుంచీ కల్లు తీస్తారు. లేత గెలను కట్టి, మెల్లగా అదిమి, కొనను పలుచని చెక్కుగా కోస్తే చుక్కచుక్కగా రసం దిగుతుంది. కోత ఆరిపోతే ధార ఆగుతుంది, కనుక మళ్ళీ మళ్ళీ గీయాలి. లోతుగా గీస్తే గెల త్వరగా అయిపోతుంది, పైపైన గీస్తే రసం రాదు. ఈతచెట్టు పద్ధతి వేరు. అక్కడ గెలను కాక మొవ్వ దగ్గర మ్రానునే చెక్కుతారు. దిగేటప్పుడు తియ్యగా ఉన్న రసం గాలిలోని, లొట్టిలోని సూక్ష్మజీవుల వలన కొద్ది గంటలలోనే పులిసి కల్లవుతుంది. లొట్టి లోపల సున్నం పూస్తే పులియడం ఆలస్యమవుతుంది. ఆ తియ్యని రసమే నీరా.

ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి ఎక్కడం మామూలు. ఒక చిన్న లెక్క వేసి చూద్దాం. ఒక మనిషి 10 చెట్లు, పూటకొకసారి, ఒక్కొక్కటి 60 అడుగులు ఎక్కుతాడనుకొందాం. రోజుకు 1200 అడుగులవుతుంది. చార్మినారు ఎత్తు సుమారు 184 అడుగులు. అంటే మెట్లు లేని చార్మినారును రోజుకు ఆరుమార్లకు పైగా ఎక్కి, నిండిన లొట్టితో అన్నిసార్లూ దిగడమన్నమాట.

చరిత్ర గ్రంథాలలోకి ఈ వృత్తివారిలో ప్రముఖంగా ఎక్కినవాడు సర్వాయి పాపన్న. ఇప్పటి జనగామ జిల్లా ఖిలాషాపురం కోటతో ఆయన పేరు ముడిపడి ఉన్నది. 1708లో వరంగల్లును కొల్లగొట్టి, మొగలు అధికారాన్ని ఎదిరించి, 1710లో పట్టుబడి చంపబడ్డాడు. మొగలుల చరిత్రకారుడు ఖాఫీఖాన్ దృష్టిలో ఆయన దోపిడీదారు. జనం పాటలో వీరుడు. ఆ పాటను జె.ఎ. బాయిల్ 1874లో ఇండియన్ యాంటిక్వరీ పత్రికలో ప్రకటించాడు. తరువాత జె.ఎఫ్. రిచర్డ్స్, వెల్చేరు నారాయణరావు 1980లో ఈ రెండు కథనాలనూ ప్రక్కప్రక్కన పెట్టి పరిశీలించారు. ఒకే మనిషి రెండు చోట్ల రెండు విధాలుగా ఎందుకు కనిపించాడన్న ప్రశ్న ఈ వృత్తి చరిత్ర అంతటికీ వర్తిస్తుంది.

ఎందుకంటే పాలకులకు చెట్టు ముందు కనిపించింది, మనిషి తరువాత కనిపించాడు. మద్రాసు రాజధానిలో 1886 ఆబ్కారీ చట్టం, హైదరాబాదు రాజ్యంలో 1316 ఫసలీ, అంటే సుమారు 1907 నాటి ఆబ్కారీ చట్టం కల్లును ప్రభుత్వాదాయంగా స్థిరపరచాయి. చెట్లకు అంకెలు వేశారు, చెట్టుకింత అని పన్ను కట్టారు, అమ్మకపు హక్కును వేలం పాడారు. నిజాం ఖజానాకు వచ్చే పెద్ద ఆదాయాలలో ఆబ్కారీ ఒకటి. వేలం పాడిన గుత్తదారు లాభం చూసుకొన్నాడు. ఎక్కేవానికి మిగిలింది కూలి. దానికితోడు తెలంగాణలో వెట్టి. దొరల ఇళ్ళకు ఉచితంగా కల్లు పోయడానికి కొన్ని చెట్లను విడిగా ఉంచవలసి వచ్చేది.

1946–51 మధ్య సాగిన సాయుధ పోరాటంలో గీతకారులు చేరడానికి ఈ నేపథ్యం చాలు. కాని చరిత్ర అంత సూటిగా నడవదు. నిజాం ఆదాయాన్ని దెబ్బతీయడానికి 1947లో స్టేట్ కాంగ్రెసు సత్యాగ్రహంలో తాడి, ఈత చెట్లను నరకడం ఒక కార్యక్రమమైంది. ఖజానాకు పన్ను తెచ్చే చెట్టే గీసేవానికి అన్నం పెట్టే చెట్టు. రెంటిలో ఏది ముందన్నది నరికే వానికీ ఎక్కే వానికీ ఒకే రీతిగా తోచదు గదా.

ఆంధ్ర ప్రాంతంలో మరొక కథ. రాజాజీ ప్రభుత్వం 1937లో సేలం జిల్లాలో మద్యనిషేధం ప్రారంభించి 1938లో చిత్తూరు, కడప జిల్లాలకు విస్తరించింది. 1948 నాటికి అది మద్రాసు రాష్ట్రమంతటా అమలైంది. త్రాగేవాని ఇంటికి మేలు జరిగిందని సంతోషించినవారు చాలామంది, ఆ సంతోషంలో న్యాయమున్నది. అయితే ఒక్క ఆజ్ఞతో వృత్తి నేరమైపోయిన కుటుంబాల సంగతి వేరు. 1953లో ఏర్పడిన ఆంధ్ర రాష్ట్రానికి ఈ చట్టం వారసత్వంగా వచ్చింది. నిషేధాన్ని ఎత్తివేయాలని రామమూర్తి సంఘం సిఫారసు చేసింది. శ్రీకాకుళం జిల్లా బారువలో పుట్టిన గౌతు లచ్చన్న గీతపనివారి పక్షాన ఉద్యమం నడిపారు. ఈ వివాదం మీదనే 1954 నవంబరులో టంగుటూరి ప్రకాశం మంత్రివర్గం ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. సైమన్ కమిషన్ నాటి తుపాకులకు రొమ్ము చూపిన ఆంధ్రకేసరి ప్రభుత్వం కల్లు ప్రశ్న దగ్గర కూలిపోయిందంటే, ఆ ప్రశ్న వెనుక ఎన్ని ఇళ్ళు ఉన్నాయో ఊహించవచ్చు.

తెలంగాణలో సూర్యాపేట ప్రాంతపు నాయకుడు, తరువాత నల్లగొండ పార్లమెంటు సభ్యుడు బొమ్మగాని ధర్మభిక్షం గీతపనివారిని సంఘటితం చేశారు. గీసేవానికే చెట్టు అన్న నినాదం గుత్తదారును ప్రక్కకు తప్పించి సహకార సంఘాలకు దారి చూపింది. ఇది చిన్న మార్పు కాదు. తరతరాలుగా ఇతరుల కోసం ఎక్కిన మనిషి తన సంఘం కోసం ఎక్కగలిగాడు.

ఐనా మోకు మోకుగానే ఉండిపోయింది. చట్టాలు మారాయి, పన్నులు మారాయి, రాజ్యాలు మారాయి. చెట్టుమీది మనిషికి, నేలకు మధ్య ఉన్నది అదే త్రాడు. పడినవానికి వెన్నెముక విరిగితే మిగిలిన జీవితం మంచం మీదనే. తెలంగాణలో మరణానికీ, శాశ్వత వైకల్యానికీ 5 లక్షల రూపాయల పరిహారం నిర్ణయించారు. 50 ఏళ్ళు నిండిన గీత కార్మికునికి, ఇతర వృద్ధులకంటే ముందుగానే, పింఛను ఇస్తున్నారు. ఈ 50 అన్న అంకెను కొంచెం ఆగి చూడాలి. ఆ వయసుకే ఈ శరీరం అరిగిపోతుందని ప్రభుత్వమే ఒప్పుకొన్నట్లు కదా!

2024 జులైలో రంగారెడ్డి జిల్లా లష్కర్‌గూడలో ‘కాటమయ్య రక్షణ కవచం’ పేరిట కొత్త సరంజామా పంపిణీ మొదలైంది. పట్టు జారినా మనిషి నేల మీద పడకుండా చెట్టుకే నిలిపి ఉంచడం దాని ఉద్దేశం. కాటమయ్య గౌడల కులదైవం. ఆ పేరు పెట్టడంలో ఔచిత్యం ఉన్నది. చెట్టెక్కేముందు ఇంతకాలం ఆయనకు మ్రొక్కడమే రక్షణ కవచం మరి. పాత మోకుతో పెరిగిన చేతులకు కొత్తది అలవాటు కావడానికి కొంత సమయం పడుతుంది. అది సహజమే.

ఇంకొకవైపు చెట్టుతో పనిలేని కల్లు పట్టణాలలో తయారవుతున్నది. 2025 జులైలో హైదరాబాదు కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు త్రాగి మనుషులు చనిపోయారు. మత్తుమందు కలిపిన నీటికి మోకూ అక్కరలేదు, ముస్తాదూ అక్కరలేదు. కాని ఆ అపకీర్తిలో వాటా మాత్రం తెల్లవారుజామున చెట్టెక్కేవానికి కూడా అందుతుంది. చెట్టు క్రింద పాలు త్రాగినా కల్లే అన్న సామెత ఈ విధంగా తిరగబడి అతని మీదనే వచ్చి పడింది.

తాడెక్కేవానిని క్రిందినుంచి ఎంతవరకని ఎగదోయగలం? నిజమే, చేయి అందినంతవరకే. ఆపైన అతని బలమే అతనికి దిక్కు. అయితే ఎగదోయలేనివారు కూడా పట్టు తప్పితే ఆపే మంచి త్రాడొకటి చేతికి ఇవ్వవచ్చు. చెట్లకు అంకెలు వేయడం నేర్చి నూరేళ్ళు దాటిన తరువాత ఇప్పటికి ఆ పని మొదలైంది. అది ప్రతి తాటివనానికీ చేరేదాకా ఈ చరిత్ర ముగిసిందనుకోవడానికి లేదు.